మా అమ్మ, సుత్తి పగడం

కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసి బతికేవాణ్ణి నేను. కొత్తకోటలో హైవే పక్కన షాపు, షాపు వెనకే ఇల్లు. మా దిక్కు నీళ్లు భూమిలో ఎంత లోతుకు పారిపోయాయో నాకు తెలిసినంతగా దేవుడికి కూడా తెలియదు, ఎందుకంటే మోటారు పైకి లాగేటప్పుడు ఆయన వచ్చి పైపు పట్టుకోడు. అలాంటి చోట, అలాంటి పని చేసుకుంటూ, నేను ఇంట్లో సముద్రం పెట్టుకున్నాను. వినగానే మీకు నవ్వొచ్చి ఉంటుంది. ఊళ్లో అందరికీ వచ్చింది. అలవాటైపోయింది గానీ, కోపం రాదని మాత్రం చెప్పను.

సముద్రమంటే పెద్దగా ఊహించుకోకండి. హాల్లో టీవీ పక్కన ఒక గాజు తొట్టి. బాగా శుద్ధి చేసిన నీళ్లలో సముద్రపు ఉప్పు కొలిచి కలిపి పోసుకోవాలి. లోపల ఇసుక, కొన్ని రాళ్లు, రెండు చేపలు, కొన్ని నత్తలు, నడిమధ్యలో మహారాణి గారు. వ్యాపారంలో హ్యామర్ కోరల్ అంటారు. నేను సుత్తి పగడం అంటాను. ఒక రాతి కొమ్మ, దానికి మూడు పంగలు, ఒక్కో పంగ చివర ఒక తల. తల నిండా వేళ్లంత పొడవు ఆకుపచ్చ కాడలు, ప్రతి కాడ కొనా సుత్తిలా అడ్డంగా ఉంటుంది. పొద్దున లైటు వేస్తే అవన్నీ ఉబ్బి బయటికొచ్చి నీళ్ల కదలికకు ఊగుతాయి. చూసినవాళ్లంతా పువ్వంటారు. పువ్వు కాదు, చెట్టు కాదు, జంతువు. తన కింద రాయిని తానే కట్టుకుంటూ పెరిగే జంతువు.

మధ్యలో ఒక మాట. మన సముద్రంలోంచి రాతిపగడాన్ని తెంపుకొస్తే తిన్నగా జైలుకే. నా దగ్గరున్నది ఎక్కడో బయటి దేశంలో తొట్లలో పెంచి, కాగితాలతో సహా వచ్చిన ముక్క. ఈ సంగతి మా బజారులో వకీలుగిరీ చేసే ప్రతివాడికీ చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది, అందుకే మీకు ముందే చెప్తున్నాను.

దాన్ని నేను వెతుక్కుంటూ పోలేదు. హైదరాబాదులో చేపల తొట్లు అమ్మే ఒకాయన పెద్ద పంపు కాలిపోతే, తెలిసినవాళ్ల ద్వారా నా దగ్గరికి వచ్చింది. బాగుచేసి ఇచ్చేద్దామని పోయినవాణ్ణి ఆయన దుకాణంలో ఈ పగడం ముందు నిలబడిపోయాను. బస్సు టైమైంది, పోయింది, ఇంకోటి కూడా పోయింది. నేను అక్కడే ఉన్నాను. ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

“నచ్చిందా అన్నా? తీస్కపో. కానీ ఒక్కటి చెప్త విను. నువ్వు దినాం చేతుల పట్టుకునేదే దీనికి విషం.”

“ఏంది?”

“రాగి. నీళ్లల్ల పిసరంత కలిసినా చాలు. ముందుగాల నత్తలు పోతయి, ఆ వెనక ఇది పోతది. నీది వైండింగ్ పనాయె, జర పైలం.”

పొద్దున లేస్తే పడుకునేదాకా రాగితీగతోనే నా సంసారం. అయినా ఏం చేయమన్నాడు, పని మానుకోమన్నాడా? చేతులు కడుక్కోమన్నాడు, అంతే కదా. ఆ రోజు నుంచి నేను మోచేతుల దాకా సబ్బు రుద్దుకోకుండా ఆ తొట్టి మూత ముట్టింది లేదు. పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా అంత శుభ్రంగా కడుక్కోలేదని నా భార్య అంటుంది. నిజమే కావచ్చు. ఆమెది గద్వాల దిక్కు, అబద్ధం చెప్పదు, చెప్పే నిజమంతా ఎత్తిపొడుపుగానే చెప్తుంది.

ఇక మా అమ్మను పరిచయం చేయాలి. చేయకపోతే ఆమే వచ్చి చేసుకుంటుంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఎదురుగా ఉన్న ధాబాలో టీ చెప్పాలంటే మా ఇంట్లో ఫోను అక్కర్లేదు, అమ్మ గుమ్మంలో నిలబడితే చాలు. పెళ్లయిన కొత్తలో మా నాయనతో కలిసి మేస్త్రీ గుంపులో బొంబాయి దిక్కు పోయి, సముద్రం అంచున గోడ కడుతుంటే నల్లటి గుండ్లు మోసిందామె. సముద్రం ఎట్లా ఉంటుందే అని చిన్నప్పుడొకసారి అడిగితే, “తట్ట నెత్తి మీదుంటే మెడ ఎటు తిరుగుతదిరా? మోగుతుండె. గంతే నాకు తెల్సు” అంది. నేను తొట్టి దింపించిన రోజు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“ఏందిరా గిది?”

“సముద్రమే.”

“దాని కాడ బతకలేక గదరా మేం ఈడికొచ్చింది! నువ్వు దాన్ని ఇంట్లకే తెస్తివా? నీ కడుపు సల్లగుండ, ఇగ నెత్తి మీద తట్ట గూడ పెట్టు నాకు.”

కొన్నాళ్లు ఆ వైపు చూడనే లేదు. సీరియల్ చూసేటప్పుడు మంచం కొంచెం పక్కకు తిప్పుకుని మరీ కూర్చునేది. ఆమె మనసు మార్చింది రొయ్య. పచ్చిరొయ్య ముక్క ఒకటి ప్లాస్టిక్ చిమటాతో పట్టుకుని పగడం కాడలకు తగిలించాను. కాడలన్నీ ముడుచుకుంటూ ముక్కను లోపలికి లాక్కున్నాయి. తల మధ్యలో సన్నటి గీతలాంటి నోరు తెరుచుకుంది. అమ్మ సీరియల్ వదిలేసి లేచొచ్చింది.

“అవ్వో! రాయికి నోరున్నదిరో!”

“రాయి కాదే అమ్మా, జీవం.”

“మరి ఉప్పూ కారం లేకుండ పచ్చిది ఎట్ల తింటదిరా?”

“ఉప్పునీళ్లల్లనే ఉంటది గద.”

“కారమో?”

ఆ తర్వాత సున్నం సంగతి తెలిసి పూర్తిగా దాని పార్టీలో చేరిపోయింది. రాతిపగడం తన రాయిని కట్టుకోవాలంటే నీళ్లలో సున్నం ఉండాలి. అందుకని సున్నం కలిపిన నీళ్లు తేరుకున్నాక పైతేట తీసి చుక్కచుక్కగా తొట్టిలోకి వదులుతాను. అది చూసి అమ్మ తన పాన్‌డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. “నా లెక్కనే సున్నం తింటదా? ముందే చెప్తే ఏంబోయె నీకు? ఇంద, తీస్కో” అంది. ఆకుకు రాసుకునే సున్నం పనికిరాదని చెప్పడానికి నా ప్రాణం పోయింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట దాని ముందు స్టూలేసుకుని కూర్చోవడం, నోట్లో ఆకు వేసుకునే ముందు “నువ్వు తింటివా?” అని దాన్ని అడగడం మొదలైంది. నేను తిన్నానా అని మాత్రం అడిగేది కాదు.

చుట్టాల గోల వేరే. కోడేరు నుంచి వచ్చిన మా మేనత్త దాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూసి, తన మనవరాలికి కుజదోషం ఉందనీ, ఉంగరంలో పొదగడానికి ఒక్క గింజంత విరిచియ్యమనీ పట్టుబట్టింది. అది ఎర్రపగడమత్తా, ఇది ఆ జాతి కాదు అంటే వినదే! “రంగు ఏస్తె అయిపాయె” అంటుంది. నాకంటే ముందు మా అమ్మకు మండింది. “నీ మనవరాలి కోసం దీని చెయ్యి ఇరగ్గొట్టాల్నా? వదినా, నీ చెవులు కోసిస్తవా, కమ్మలకు మస్తుగుంటయి” అంది. మేనత్త భోజనం చేసే పోయింది గానీ పెరుగు వేసుకోలేదు. మా వైపు అది పెద్ద కోపమే.

ఎండలు ముదిరాయి. మోటార్లు కాలడం మొదలైంది. ఆ కాలంలో నా బతుకు నాది కాదు. పాన్‌గల్‌లో మోటారు పైకి లాగుతుంటే నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి ఇంకో రైతు ఫోను. ఆరిపోతున్న వేరుశనగ చేను గట్టు మీద నిలబడి మాట్లాడేవాడికి నువ్వు ‘రేపు’ అని చెప్పలేవు. ఇంట్లోనేమో తొట్టిలో నీళ్లు ఆవిరైపోతున్నాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. రోజూ తగ్గినంత మంచినీళ్లు పోయకపోతే ఉప్పు చిక్కబడి పగడం చస్తుంది. నా భార్య అంగన్‌వాడీలో పనిచేస్తుంది, ఆమె తలనొప్పులు ఆమెకున్నాయి. అందుకని ఆ పని అమ్మకు అప్పగించాను. గాజు మీద గీత గీశాను. మూలనున్న డ్రమ్ములో శుద్ధి చేసిన నీళ్లు నింపాను.

“ఈ డ్రమ్ముల నీళ్లే పొయ్యాలె. గీతదాక పొయ్యాలె. నల్లా నీళ్లు పొయ్యద్దు, బోరు నీళ్లు పొయ్యద్దు, చెయ్యి పెట్టద్దు, సబ్బు చేతులతోని దగ్గరికి రావద్దు.”

“నేను మీ నాయిననే సాకిన. గీ రాయిని సాకలేనా? నడువు.”

సాకింది. రోజూ నేను వచ్చేసరికి నీళ్లు సరిగ్గా గీత దగ్గర ఉండేవి. డ్రమ్ము తగ్గాల్సినంతే తగ్గుతూ ఉండేది. నల్లా నీళ్లు పోయలేదు, బోరు నీళ్లు పోయలేదు, చెయ్యి పెట్టలేదు. చెప్పిన మాట చెప్పినట్టు విన్న సందర్భం మా ఇద్దరి చరిత్రలో అదొక్కటే అని మురిసిపోయాను కూడా.

ముందు నత్తలు పడిపోయాయి. గాజుకు అంటుకుని ఉండేవి ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. ముసలివై చచ్చాయేమో అనుకున్నాను. తర్వాత పగడం కాడలు సగమే బయటికి రాసాగాయి. ఆ తర్వాత అదీ లేదు. మూడు తలలూ పిడికిళ్లు బిగించుకుని కూర్చున్నాయి. ఉప్పు చూశాను, సరిగానే ఉంది. వేడి చూశాను, నీళ్లను చల్లబరిచే చిల్లర్ నడుస్తూనే ఉంది. సున్నం చూశాను. పంపు విప్పి చూశాను. కరెంటు వాళ్లను తిట్టాను, తప్పు వాళ్లది కాకపోయినా అలవాటు కొద్దీ. నా చేతుల మీద అనుమానం వచ్చి తోలు ఊడేదాకా తోముకున్నాను. నా భార్య వాకిట్లో నిలబడి ఇదంతా చూసింది.

“నాకు జ్వరమొచ్చినప్పుడు ఇన్నిసార్లు చూసినవా? సాకు ఇంక. చేతులు గిట్ల ఊడిపోతే మోటర్లు కాళ్లతో చుడతవా?” సాకు అంటే చాలు అని. కోపమొస్తే ఆమె మాటల్లోకి ఇట్లా సరిహద్దు కన్నడం దొర్లుతుంది.

అమ్మ మాత్రం చూడగానే రోగం తేల్చేసింది. దిష్టి. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, వచ్చిపోయే ప్రతివాడూ “అబ్బ ఏమున్నది” అంటుంటే దిష్టి తగలక ఏమవుతుంది అంది. మేనత్త కన్ను సంగతి ప్రత్యేకంగా ఎత్తింది. పిడికిట్లో రాళ్ల ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని తొట్టి చుట్టూ తిప్పి, పొయ్యిలో వేసి ఇల్లంతా దగ్గించింది. పుట్టిన దగ్గర నుంచీ ఉప్పులోనే బతుకుతున్న దానికి ఉప్పుతో దిష్టి తీయడం నేను ఎక్కడా చూడలేదు. నవ్వుకునే ఓపిక కూడా లేదు నాకు. ఒక తల అంచున తోలు ఊడి కింద తెల్లటి రాయి కనబడుతోంది. అది కనబడితే తల పోతున్నట్టే.

ఒకరోజు మధ్యాహ్నం పాన్‌గల్‌లో మోటారు లాగుతుంటే గొలుసు తెగింది. ఇంకోటి తీసుకుపోదామని చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాను. చెప్పులు విడుస్తుంటే హాల్లోంచి అమ్మ గొంతు వినబడింది. “తాగు బిడ్డా, తాగు. మీ నాయినకు ఏం తెల్వదు. గా సచ్చిన నీళ్లకు బలం ఏడుంటది? గివి తాగు, లేచి కూసుంటవు.”

లోపలికి పోయాను. స్టూలు ఎక్కి నిలబడి ఉంది. చేతిలో రాగి చెంబు. కింద, స్టూలు పక్కన, తళతళా తోమిన రాగి బిందె.

ఆ బిందె నేను రోజూ చూసేదే. టీవీలో ఎవరో పెద్దమనిషి, సాయంత్రం నింపి పెట్టిన రాగి పాత్ర నీళ్లు పొద్దున తాగితే ఒళ్లునొప్పులు పోతాయని చెప్తే, పట్టుబట్టి వనపర్తి పోయి మరీ కొనుక్కొచ్చింది. మోకాళ్లకు గుణమిచ్చిందని బజారంతా చెప్పి, ఇంకో నాలుగిళ్లలో బిందెలు కొనిపించింది. నా కంటికి ఆ బిందె వంటింటి సామాను. రాగి అంటే నాకు తీగ. బిందె కూడా రాగే అని రాగి పని చేసే నాకు తట్టలేదు. అమ్మ నేను చెప్పిన డ్రమ్ము నీళ్లే తీసుకుంది. తీసుకుని, బిందెలో పోసి, పొద్దటిదాకా నిలవ ఉంచి, బలమెక్కిన తర్వాత తొట్టిలో పోసింది. అంత శుద్ధి చేసిన నీళ్లు పాత్రలోంచి రాగిని ఇంకా ఆబగా లాక్కుంటాయి. పగడం జబ్బు పడ్డాక తను తాగడం కూడా తగ్గించుకుని దానికే పోస్తోందట.

నేనేం అన్నానో అంతా రాయను. అరిచాను. ఎదురుగా ధాబాలోవాళ్లు రోటీ చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డారంటే అర్థం చేసుకోండి.

“రాగి దానికి విషమే! నువ్వే తాపి సంపుతున్నవ్ దాన్ని!”

“విషమేందిరా? నేను దినాం తాగుతలేనా? సచ్చిననా?”

“నువ్వు పగడానివా?”

అమ్మ స్టూలు దిగింది. తిరిగి తిడుతుందనుకున్నాను. చెంబు బిందె మీద బోర్లించి, బిందె ఎత్తుకుని వంటింట్లోకి పోయింది.

పాన్‌గల్ రైతుకు ఫోన్ చేసి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఇంట్లో ఉన్న ఉప్పంతా కలిపి తొట్టిలో నీళ్లు మార్చాను. హైదరాబాదు దుకాణాయన బస్సులో పార్సిల్ పంపాడు, నీళ్లలోంచి రాగిని పీల్చే మందు, పరీక్ష చేసే సీసా. పరీక్షలో రంగు తిరిగింది. అనుమానమేం మిగల్లేదు. రెండు తలల మీద మాంసం జావలా ఊడొస్తోంది. అది మూడోదానికి అంటకుండా కొత్త బ్లేడు పెట్టి ఆ రెండు పంగలూ కోసేశాను. రాయి కోస్తున్న చప్పుడు ఇల్లంతా వినబడింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మూడో తల ఉందో పోయిందో తెలియదు. ముడుచుకుని, రంగు దిగి, చిన్న బొడిపెలా ఉంది.

అమ్మ మంచం హాల్లోంచి వరండాకు పోయింది. సీరియల్ లేదు. ఆకు లేదు. బిందె అటక ఎక్కింది. కుక్క వచ్చి గుమ్మంలో పడుకున్నా తిట్టలేదు, కూర మాడినా తిట్టలేదు. మా అమ్మ తిట్టడం మానేసిందంటే దవాఖానకు తీసుకుపోవాల్సిన సంగతి. తొట్టిలో ఒకటి ముడుచుకుని ఉంది, వరండాలో ఒకటి. నేను రెంటి మధ్య తిరుగుతూ, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక షాపులో రెండు రోజుల పని మీద చూపించాను. అదీ పాడైంది.

అమ్మ నన్ను అడగదు. నా భార్యను పంపుతుంది. “ఎట్లున్నదని అడుగుతున్నది అత్త.” “అట్లనే ఉన్నదని చెప్పు.” రోజూ ఇదే. ఒకరోజు నా భార్య జవాబు తీసుకుపోకుండా నా ఎదురుగా కూర్చుంది.

“అది బతకాలె,” అంది. “నీ కోసం కాదు. అత్త రాత్రి నాతోని ఒక మాట చెప్పింది. నీకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది గద.”

తెలుసు. బొంబాయి పనిలో ఉన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని మాత్రం తెలుసు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

“గుడిసెల కాడ ఎవరో చెప్తే ఏదో ఆకు కషాయం కాసి తాపిందట. మంచిగైతదని. పిల్ల తెల్లారి పోయింది. కషాయంతోనే పోయిందో జ్వరంతోనే పోయిందో ఎవరికి తెల్సు? అత్త మాత్రం నా చెయ్యి మంచిది కాదు అంటున్నది. నేను మంచి కోరి తాపితే సస్తరు అంటున్నది.”

కషాయం సంగతి నాకు చెప్పకుండా ఇన్నేళ్లు మోసింది. నన్ను ఇంత పెద్ద చేసింది, జ్వరమొస్తే దవాఖానకు పరిగెత్తిందే తప్ప ఒక్క పసరు, ఒక్క కషాయం నా నోట్లో పోయలేదు. అల్లం రసం కూడా పక్కింటామె తాగిస్తే తాగేవాణ్ణి. మా అమ్మకు దవాఖాన మందులంటే పిచ్చి నమ్మకమనుకున్నాను నేను. ఎంత గాడిదనో చూడండి.

ఆ తర్వాత ఆ బొడిపె చావకూడదని నేను మొక్కని దేవుడు లేడు. దర్గాకు మొక్కాను, హైవే మీది చర్చికి మొక్కాను, ఆంజనేయుడికి మొక్కాను. పగడాల విభాగం ఎవరు చూస్తారో తెలియదు కదా. నీళ్లు మార్చడం, మందు మార్చడం, చూడటం. ఒక పొద్దున లైటు వేశాక బొడిపె అంచున ఒక్క కాడ, అగ్గిపుల్ల తలంత, బయటికొచ్చింది. మరునాటికి ఇంకొన్ని. సుత్తులు ఇంకా సుత్తుల్లా లేవు గానీ ఆకుపచ్చ మాత్రం పచ్చగానే ఉంది. వరండాలోకి పరిగెత్తాను.

“అమ్మా! తెరుచుకున్నది! లే, వచ్చి చూడు.”

పడుకున్న చోటే అటు తిరిగింది. “మంచిదాయె. నువ్వే సూస్కో.”

“జర వచ్చి చూడరాదె.”

“వద్దురా. నాకు భయమైతది.”

తట్ట మోసిన మనిషి, మేస్త్రీ మీద రాయి ఎత్తిన మనిషి, నాయన పోయాక ఇద్దరు అప్పులవాళ్లను వాకిట్లోంచే తరిమిన మనిషి. ఆమె నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదలు. నేను గెలిచానని పరిగెత్తుకుపోయినవాణ్ణి, అట్లాగే వెనక్కి వచ్చి తొట్టి ముందు కూర్చున్నాను. పగడం బతికింది. కానీ నాకేం ఒరిగింది?

మోటార్లకు మన బాధలతో పనిలేదు. నాగర్‌కర్నూల్ అవతల ఒక రైతుకు ఎదిగిన తోట, ఉన్నదొక్కటే బోరు. పోక తప్పలేదు. నా భార్యకు ఆ రోజు గద్వాలలో పుట్టింట్లో పని. మధ్యాహ్నమయ్యేసరికి ఎండ దంచుతోంది. పొద్దున నేను తొందరలో నీళ్లు పోయకుండానే వచ్చానని అక్కడ పైపు విప్పుతుంటే గుర్తొచ్చింది. ఇప్పుడిప్పుడే లేస్తున్న ప్రాణం, ఒక్క పూట ఉప్పు చిక్కబడినా తట్టుకోదు. ఇంటికి ఫోన్ చేశాను.

“అమ్మా, నీళ్లు పొయ్యలె నేను. డ్రమ్ముల నుంచి ప్లాస్టిక్ మగ్గుతోని తీసి గీతదాక పొయ్యి. అంతే.”

“నేను పొయ్య.”

“నేను వచ్చేసరికి పొద్దుగూకుతది. పొయ్యకుంటే సస్తది.”

“పోస్తే సస్తె?”

జవాబు చెప్దామనుకునేలోపు ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ రోజు మోటారు ఎట్లా దించానో నాకు తెలియదు. పక్కన రైతు “ఏందన్నా, ఇంట్ల ఎవరికన్న బాగలేదా?” అన్నాడు. మా అమ్మకు అన్నాను. అబద్ధం కాదు.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. చెప్పులు కూడా విడవకుండా హాల్లోకి పోయాను. నీళ్లు గీత దగ్గర ఉన్నాయి. పగడం తెరుచుకునే ఉంది, మెల్లగా ఊగుతోంది. ఎదురుగా అమ్మ కూర్చుని ఉంది. ముఖమంతా చెమట. ఒళ్లో ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని ఉంది, ఎవరైనా లాక్కుంటారేమోనన్నంత గట్టిగా.

“పోసినవా?”

“పోసిన.”

“ఎప్పుడు?”

“జర ఆలస్యమైంది,” అంది. తొట్టి మీద నుంచి చూపు తిప్పలేదు. “ముందుగాల నేను తాగిన. గా డ్రమ్ముల నీళ్లు. ఛీ, ఏం నీళ్లురా అవి, రుచి లేదు పచి లేదు. మగ్గు నిండ తాగి గీడనే కూసున్న. నాకేమన్న అయితదేమో సూద్దామని. పొద్దు గా కిటికీ దాక వాలేదాక సూసిన. ఏం కాలె. గప్పుడు దానికి పోసిన.”

ఆ పరీక్షకు అర్థం లేదు. ఆమె రాగి నీళ్లు కూడా రోజూ తాగింది, ఏం కాలేదు. పగడానికి పట్టే విషం ఆమెకు పట్టదు. ఇదంతా నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చెయ్యి చూశాను. మగ్గు మీద పట్టు ఇంకా వదల్లేదు.

“మంచిపని చేసినవమ్మా,” అన్నాను. “రేపు గూడ నువ్వే పొయ్యి.”

“పోస్త,” అంది అమ్మ. “కానీ రోజూ ముందు నేను తాగుత.”